ఎక్స్‌ప్రెస్‌వే సెర్చ్ హిస్టరీ చదవడం: కాల్ ఎక్కడ ఆగిందో పట్టుకునే దారి

సంస్థ లోపలి, బయటి వీడియో, వాయిస్ కాల్స్‌ని కలిపే సిస్కో ఎక్స్‌ప్రెస్‌వేలో కాల్ కలవలేదనగానే చాలామంది డయాగ్నస్టిక్ లాగింగ్ ఆన్ చేసి, ప్యాకెట్ క్యాప్చర్ తీసి, ఆ ఫైళ్ల ముందు కూర్చుంటారు. అంత దూరం వెళ్లకముందే తెరవాల్సిన పేజీ ఒకటుంది: స్టేటస్ మెనూలో సెర్చ్ హిస్టరీ. డయల్ చేసిన అలియాస్ (నంబర్ లేదా అడ్రస్) ఏ రూపంలో వచ్చింది, ఏ ట్రాన్స్‌ఫార్మ్ (అలియాస్‌ని తిరగరాసే నియమం) దాన్ని మార్చింది, ఏ జోన్‌కి (మరో సిస్టమ్‌కి వెళ్లే లింక్) పంపారు, కాదన్నదెవరు అన్నవన్నీ అక్కడే ఉంటాయి.

ముందు దాని పరిమితి తెలియాలి. చివరి 255 సెర్చ్‌లే కనిపిస్తాయి, అవీ బాక్స్ చివరిసారి రీస్టార్ట్ అయ్యాక జరిగినవే. ఇంటర్నెట్‌కి ఎదురుగా ఉండే ఎక్స్‌ప్రెస్‌వే-ఇ మీద స్కానర్లు (చొరబడే దారి వెతికే ఆటోమేటెడ్ ప్రోగ్రాములు) పడితే ఈ జాబితా చూస్తుండగానే నిండిపోతుంది. అందుకే టెస్ట్ కాల్ చేయించి వెంటనే పేజీ తెరవాలి. నిన్నటి కాల్ గురించి అడిగితే ఈవెంట్ లాగ్‌కే వెళ్లాలి. లోపలి నెట్‌వర్క్‌లో ఉండే ఎక్స్‌ప్రెస్‌వే-సి, బయట ఉండే ఇ, ఈ బాక్సులు రెండింటికీ ఎన్‌టీపీ (గడియారాన్ని సరిచేసే సర్వీసు) సరిగ్గా ఉందో లేదో కూడా చూసుకోండి. గడియారాలు కలవకపోతే ఒకే కాల్‌ని రెండుచోట్ల జతపరచడం కష్టం.

జాబితాలో సమయం, సెర్చ్ టైప్, సోర్స్, డెస్టినేషన్, స్టేటస్ ఉంటాయి. సెర్చ్ టైప్ అంటే కాల్ ప్రోటోకాల్‌ని బట్టి వచ్చిన మెసేజ్ పేరు: సిప్‌లో ఇన్వైట్, ఆప్షన్స్ కనిపిస్తాయి. హెచ్.323లో ఏఆర్‌క్యూ, ఎల్‌ఆర్‌క్యూ. ఫిల్టర్‌లో డయల్ చేసిన నంబర్ కొట్టి, వ్యూ నొక్కండి. అసలు విషయమంతా ఆ వివరాల పేజీలోనే ఉంది.

దాన్ని పైనుంచి కిందికి చదవాలి, వరుస మారదు: ముందు ట్రాన్స్‌ఫార్మ్‌లు, తర్వాత కాల్ పాలసీ (ఏ కాల్‌ని ఒప్పుకోవాలో చెప్పేది), తర్వాత యూజర్ పాలసీ (ఆ వ్యక్తి కాల్ ఏ పరికరాలకి వెళ్లాలో చెప్పేది), చివర సెర్చ్ రూల్స్ (ఏ అలియాస్‌ని ఏ జోన్‌లో వెతకాలో చెప్పేవి). ప్రతి మెట్టు దగ్గరా అలియాస్ ఎలా ఉందో చూడండి. ఎర్రర్ కోడ్ కంటే ఆ ఒక్క లైనే ఎక్కువ చెబుతుంది.

ఉదాహరణకి బయటి అతిథి 4005కి మన డొమైన్ జతచేసి డయల్ చేశాడు, కాల్ కలవలేదు.

1. మొదట ఎక్స్‌ప్రెస్‌వే-ఇలో చూడండి. ఎంట్రీయే లేకపోతే కాల్ మన దాకా రాలేదు. డీఎన్ఎస్ ఎస్ఆర్‌వీ రికార్డు (మన డొమైన్ కాల్స్ ఏ సర్వర్‌కి రావాలో చెప్పేది), ఫైర్‌వాల్ 5060, 5061 పోర్టులు చూడాలి.

2. ఎంట్రీ ఉండి, సెర్చ్ రూల్స్ కింద ట్రావర్సల్ జోన్ (ఫైర్‌వాల్ దాటి ఇ, సిలను కలిపే లింక్) పేరే కనిపించకపోతే ఏ రూలూ సరిపోలేదన్నమాట. ప్యాటర్న్ సరిగ్గానే ఉన్నా రూల్ అసలు జాబితాలోకే రాకపోవడం ఎక్కువమందిని తికమకపెట్టేది. చాలాసార్లు ఆ రూల్‌లో ‘రిక్వెస్ట్ మస్ట్ బి ఆథెంటికేటెడ్’ ‘యస్’లో ఉంటుంది. అతిథికి ఆథెంటికేషన్ ఉండదు కాబట్టి ఎక్స్‌ప్రెస్‌వే ఆ రూల్‌ని పక్కనపెట్టేస్తుంది. సోర్స్ జోన్ తప్పుగా ఎంచుకున్నా ఇదే ఫలితం.

3. ట్రావర్సల్ జోన్‌కి వెళ్లినట్టుంటే ఎక్స్‌ప్రెస్‌వే-సిలో అదే కాల్‌ని తెరవండి. రెండు బాక్సుల్లోనూ కాల్ ట్యాగ్ ఒకటే ఉంటుంది, సీరియల్ నంబర్ మాత్రం వేరు. ట్యాగ్ పట్టుకుని వెతకడమే సులువు.

4. సిలో కాల్ మేనేజర్ (ఆఫీసు ఫోన్లని నడిపే సిస్కో సర్వర్) నైబర్ జోన్ దగ్గర ఏ జవాబు వచ్చిందో చూడండి.

404 వస్తే కాల్ మేనేజర్‌కి ఆ అలియాస్ తెలియదు, లేదా ట్రంక్ (కాల్ మేనేజర్ వైపు ఎక్స్‌ప్రెస్‌వేకి ఉన్న లింక్) సీఎస్ఎస్‌లో, అంటే అది వెతకగల నంబర్ల గుంపుల జాబితాలో, ఆ నంబర్ ఉన్న గుంపు (పార్టిషన్) లేదు. 503 వస్తే మన బాక్స్ ఐపీకి సరిపోయే ట్రంక్ అక్కడ లేకపోవచ్చు. క్లస్టర్‌లో కొత్త పీర్ (మరో ఎక్స్‌ప్రెస్‌వే బాక్స్) చేర్చి, దాని ఐపీని ట్రంక్‌లో చేర్చడం మరిచిపోయినప్పుడు కొన్ని కాల్స్ కలిసి కొన్ని కలవకపోవడానికి కారణం ఇదే. 408 అంటే అవతలినుంచి జవాబే రాలేదు, కాబట్టి రూటింగ్, పోర్టు చూడండి. 403 అయితే ముందు మన కాల్ పాలసీనే అనుమానించాలి, ఎందుకంటే పాలసీ తిరస్కరించిన కాల్, సెర్చ్ రూల్స్ దాకా రాకుండానే ముగుస్తుంది.

అదే సి మీద ఎంఆర్ఏ (బయట ఉన్న ఫోన్లు వీపీఎన్ లేకుండా కాల్ మేనేజర్‌లో చేరే సౌకర్యం) కూడా నడుస్తుంటే ట్రంక్‌కి 5060, 5061 వాడొద్దు. ఫోన్ల రిజిస్ట్రేషన్లు 405తో తిరిగొస్తాయి. ట్రంక్‌ని 5065 లాంటి వేరే పోర్టుకి మార్చి, నైబర్ జోన్‌లోనూ అదే ఇవ్వండి.

అలియాస్ లైన్‌లో తరచూ దొరికే తప్పులు కొన్ని. కాల్ మేనేజర్ నుంచి వచ్చే అలియాస్‌లో @ తర్వాత డొమైన్ బదులు ఐపీ, దాని వెనక :5060 ఉండొచ్చు. డొమైన్‌తో రాసిన రూల్ దానికి పట్టదు. దాన్ని డొమైన్‌గా మార్చే ట్రాన్స్‌ఫార్మ్ రాయండి. హెచ్.323 పరికరం ఉత్త నంబర్ పంపితే ([^@]*) ప్యాటర్న్‌కి \1@ పక్కన మీ డొమైన్ పెట్టి రీప్లేస్ చేస్తే సరిపోతుంది. సిప్‌లో దొరకని అలియాస్‌ని ఎక్స్‌ప్రెస్‌వే హెచ్.323లో మళ్లీ వెతకవచ్చు. కాబట్టి ఒకే జోన్ రెండుసార్లు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

ఒకే సెర్చ్ సి, ఇల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటే రెండు వైపులా ‘ఎనీ అలియాస్’ రూల్ ఉండి ఉంటుంది. ఇలోని రూల్‌కి సోర్స్‌గా డిఫాల్ట్ జోన్‌ని (బయటి తెలియని కాల్స్ వచ్చే జోన్), సిలోని రూల్‌కి కాల్ మేనేజర్ జోన్‌ని పెడితే లూప్ తెగుతుంది.

మార్పు చేశాక మెయింటెనెన్స్ > టూల్స్ > లొకేట్‌లో అలియాస్, ప్రోటోకాల్, సోర్స్ జోన్ ఇచ్చి చూడండి. ఎవరి ఫోనూ మోగకుండానే దారి తెలిసిపోతుంది. అయితే ‘ఫౌండ్’ అంటే గమ్యం దొరికిందని మాత్రమే. కాల్ కలిశాక వీడియో నల్లగా ఉన్నా, ఒకవైపే మాట వినిపించినా ఈ పేజీలో ఏమీ దొరకదు. కాల్ హిస్టరీలో డిస్‌కనెక్ట్ కారణం, ఫైర్‌వాల్‌లో 36000–59999 మీడియా పోర్టులు చూడాలి.

ఇక ఎక్స్‌ప్రెస్‌వే-ఇలో 9011, 900, 00972 లాంటి అంకెలతో మొదలయ్యే డెస్టినేషన్లు వరుసగా కనిపిస్తే ఎవరో మీ గేట్‌వే ద్వారా ఉచితంగా అంతర్జాతీయ కాల్స్ చేయాలని చూస్తున్నారు. వాటిలో ఒక్కటైనా ‘ఫౌండ్’ అయిందేమో ముందు చూడండి. అలా అయి ఉంటే ఆ రోజే డిఫాల్ట్ జోన్ నుంచి వచ్చే ఆ ప్రిఫిక్స్‌లను కాల్ పాలసీలో రిజెక్ట్ చేయండి, అవసరం లేకపోతే సిప్ యూడీపీని ఆపేయండి, సిస్టమ్ > ప్రొటెక్షన్‌లో ఆటోమేటెడ్ డిటెక్షన్ ఆన్ చేయండి.