పవిత్ర గురువారానికి చెక్కగంట చేసుకునే విధానం

ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర గురువారం సాయంత్రపు పూజలో మహిమ గీతంతో పాటు మోగిన గంటలు, ఈస్టరు ముందురాత్రి జరిగే పాస్కా జాగరణలో మళ్లీ అదే గీతం ఎత్తుకునేదాకా మౌనం పాటిస్తాయి. మేత్రాణులు (బిషప్పులు) వేరుగా నిర్ణయించిన చోట తప్ప కతోలిక దేవాలయాలన్నింటా ఇదే నియమం. ఆ రెండు రోజులూ గంటకు బదులుగా చెక్కగంట, అంటే పిడి ఉన్న నడిమి చెక్కకు రెండు పక్క చెక్కలు తగిలి చేసే చప్పుడు వినిపించడం పాత ఆచారం. నేటి పూజాగ్రంథం ఈ ఆచారాన్ని తప్పనిసరి చేయలేదు కనుక, పనికి దిగేముందు విచారణ గురువులతో (స్థానిక దేవాలయ ఫాదర్‌తో) మాట్లాడాలి.

1928లో ఏర్పడిన మన నెల్లూరు మేత్రాసనంలో (బిషప్పు పరిధిలో) ఏ ఊరి వడ్రంగి అయినా చెక్కగంటను ఒక్క పూటలో చేయగలడు. ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కేవారి చేతిలోనైతే మరింత నాజూకుగా వస్తుంది. చెక్క మాత్రం చేవదేరిన తుమ్మ గానీ టేకు గానీ కావాలి, బాగా ఆరి ఉండాలి. మొదటి ఏడాది నేను తొందరపడి పచ్చి చెక్కతో చేశాను. పీఠం ముందు అది మూలిగినట్టు మొద్దుగా పలికినప్పుడు నాకు ఎంతో బాధ కలిగింది.

నడిమి చెక్క 30 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం ఉండాలి. కింది 12 సెంటీమీటర్లను సన్నగా కోసి పిడిగా మలచాలి. రెండు పక్క చెక్కలు 15 సెంటీమీటర్ల పొడవు, అదే వెడల్పు ఉంటే సరిపోతుంది. అన్నింటినీ చిత్రిక పట్టి, మూడింటినీ పేర్చి, పిడికి కొంచెం పైగా, 5 సెంటీమీటర్ల ఎడంతో రెండు బెజ్జాలు వేయాలి. రంగు, వార్నిషు పూయకపోవడమే మేలు, ఎందుకంటే మందపాటి పూత చప్పుడును మింగేస్తుంది.

అసలు పనితనం ముడిలో ఉంది. గట్టి నూలు తాడును ఒక బెజ్జం గుండా మూడు చెక్కలకూ దూర్చి, రెండో బెజ్జం గుండా వెనక్కి తెచ్చి ముడి వేసేటప్పుడు, తాడు కింద చిటికెన వేలు దూరేంత వదులు ఉంచాలి. బిగిస్తే పక్క చెక్కలు ఊగవు; మరీ వదిలితే ఒకదాని తరువాత ఒకటి తగిలి చప్పుడు చెదిరిపోతుంది. పిడి పట్టుకుని మణికట్టును ఒక్కసారి విదిలించినప్పుడు "ఠక్" అని పొడిగా, ఒకే దెబ్బగా వినిపిస్తే ముడి కుదిరినట్టే.

పూజలో గురువుకు సాయపడే పీఠబాలుర చేత రెండు మూడు రోజుల ముందే సాధన చేయించాలి. గురువారం అప్పాన్ని, పాత్రను ఎత్తి చూపేటప్పుడు, ఆ తరువాత పవిత్రం చేసిన అప్పాన్ని మోసుకెళ్లే దివ్యసత్ప్రసాద ప్రదక్షిణలో దీనిని మోగిస్తారు. శుక్రవారం దివ్యబలి (పూజ) ఉండదు కనుక, ఆరాధనకు విశ్వాసులను పిలవడానికి వాడుకోవచ్చు. పండుగ అయ్యాక పొడిగుడ్డలో చుట్టి దాచి, మరుసటి ఏడాది ఈస్టరుకు ముందరి తపస్సుకాలంలో పాత తాడు తీసి కొత్తది కట్టాలి.