ఆర్వీలో ప్రయాణిస్తూ మందిర నిర్మాణ పరిచర్యలో పాల్గొనడం ఎలా

అమెరికాలో ఉద్యోగ విరమణ పొందిన క్రైస్తవ దంపతులు కొందరు తమ ఆర్వీనే (పడక, వంటగది, మరుగుదొడ్డి ఉన్న ప్రయాణ వాహనాన్నే) ఇల్లుగా చేసుకొని, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్తూ, అంతగా స్తోమత లేని చిన్న సంఘాలకు మందిరాలు కట్టి ఇవ్వడంలోను, బైబిల్ క్యాంపుల పాత భవనాలను బాగుచేయడంలోను ఏటా కొన్ని నెలలు గడుపుతారు. సంఘానికి కలిగే మేలు కూలి ఖర్చు తగ్గడం ఒక్కటే కాదు. పనికి వచ్చినవారు తమ ఇంటిని తామే వెంట తెచ్చుకుంటారు గనుక వారికి బస చూపించవలసిన అవసరం గాని, పూటపూటా వండిపెట్టవలసిన బాధ్యత గాని ఉండదు. ఈ పరిచర్యలో అడుగుపెట్టదలచినవారు మొదట గ్రహించవలసిన విషయమిదే. సాయానికి వెళ్లినవారు సంఘానికి భారం కాకపోవడమే సగం సాయం. బండి ఎంపిక మొదలుకొని చివరి రోజున గొట్టాలు చుట్టిపెట్టుకోవడం వరకు ప్రతి నిర్ణయాన్నీ ఈ దృష్టితోనే చూసుకోవాలి.

ఏ బృందంతో వెళ్లాలి

సొంతంగా బండి వేసుకొని ఏదో ఒక మందిరం ముందు ఆగి పని ఉందా అని అడగడం కుదిరే పద్ధతి కాదు. సంఘాలతో ముందే మాట్లాడి, పని స్వభావాన్ని పరిశీలించి, ఎంతమంది ఎన్ని వారాలు కావాలో తేల్చి పంపే సంస్థలు చాలా కాలంగా ఉన్నాయి. అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ సంఘాలకు మ్యాప్స్ ఆర్వీ వాలంటీర్లు, యునైటెడ్ మెథడిస్టు సంఘాలకు నోమాడ్స్, బాప్టిస్టులలో ఎక్కువగా కనిపించే క్యాంపర్స్ ఆన్ మిషన్, సంఘ భేదం లేకుండా పనిచేసే సోవర్స్, ఆర్విక్స్ వంటి బృందాలు వీటిలో కొన్ని. సెవెన్త్ డే అడ్వెంటిస్టుల మధ్య 1969లో మొదలైన మారనాథ కూడా స్వచ్ఛంద సేవకులతో మందిరాలు, పాఠశాలలు కట్టిస్తుంది. దీని పని చాలావరకు విదేశాలలో సాగుతుంది గనుక ఆర్వీ ఉన్నవారు అమెరికాలో జరిగే పనుల గురించి విడిగా అడగాలి.

ఏ బృందాన్ని ఎంచుకున్నా దరఖాస్తుతోపాటు సాధారణంగా సొంత పాస్టర్ గారి సిఫారసు, విశ్వాస ప్రకటనపై సమ్మతి, నేర చరిత్ర పరిశీలనకు అనుమతి అడుగుతారు. పిల్లలు తిరిగే ప్రాంగణాలలో పనిచేయవలసి వస్తుంది గనుక ఈ చివరిదాన్ని అవమానంగా భావించరాదు. పని షరతులు బృందాన్నిబట్టి మారినా, ఒక్కో చోట రెండు మూడు వారాలు, వారంలో నాలుగు రోజులు, రోజుకు ఆరు గంటలు అనేది తరచుగా కనిపించే లెక్క. డీజిల్, భోజనం, బండి మరమ్మతులు సేవకుల సొంత ఖర్చు. బండి నిలుపుకోవడానికి స్థలం, కరెంటు, నీరు, మురుగు కనెక్షన్ ఆతిథ్యమిచ్చే సంఘం సమకూరుస్తుంది. చలికాలంలో టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనాలలోని పనులకు అందరూ పోటీపడతారు. ఆ నెలలు కావాలనుకునేవారు చాలా ముందుగానే పేరు ఇవ్వాలి.

అమెరికా పౌరసత్వం గాని గ్రీన్ కార్డు గాని లేనివారు, ముఖ్యంగా పిల్లల దగ్గరికి విజిటర్ వీసాపై వచ్చిన తల్లిదండ్రులు, జీతం లేని పనే కదా అని నిర్మాణ పనికి దిగకూడదు. ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడిగి, ఆయన సరేనన్న తరువాతే పేరు ఇవ్వాలి.

బండి, దారి

ఇంకా బండి కొననివారికి ఒక సలహా ఉంది. ఒక వేసవిలో అద్దె బండితోనో, స్నేహితుల బండితోనో ఒక పనికి వెళ్లి చూసి, ఆ తరువాతే కొనాలి. సెలవులకు తిరిగే బండికీ, వారాల తరబడి కాపురం ఉండే బండికీ చాలా తేడా ఉంటుంది. మూడు వారాలు ఒకేచోట ఉండేవారికి పికప్ ట్రక్కుకు తగిలించి లాగుకొని వెళ్లే ఫిఫ్త్ వీల్ అనే రకం బండి అనుకూలంగా ఉంటుంది, ఎందుకంటే దాన్ని నిలిపేసి పికప్‌లో కలప తేవచ్చు, కొట్టుకు వెళ్లవచ్చు. ఇంజను తనకే ఉన్న మోటార్‌హోమ్ అయితే వెనుక ఒక చిన్న కారును లాగుకొని వెళ్లక తప్పదు. పనిముట్లకు చోటు, బురద బూట్లు విప్పుకోవడానికి గుమ్మం దగ్గర కాస్త జాగా, బట్టలు ఉతికే ఏర్పాటు అనేవి కొనేటప్పుడు ఎవరూ అడగరు గాని పని మొదలైన మొదటి వారంలోనే గుర్తుకు వస్తాయి.

లైసెన్సు నిబంధనలు రాష్ట్రాన్నిబట్టి ఉంటాయి. టెక్సస్‌లో 26,000 పౌండ్లు దాటిన మోటార్‌హోమ్ నడపడానికి వాణిజ్యేతర బి తరగతి లైసెన్సు కావాలి, కాలిఫోర్నియాలో 40 అడుగుల పొడవు దాటితే అలాంటిదే అడుగుతారు. బండి ఎత్తును అడుగులలోను, అంగుళాలలోను రాసి డ్రైవరు కంటికి ఎదురుగా అంటించుకోవాలి. న్యూయార్క్ పార్క్‌వేలపై (కార్ల కోసమే ఉద్దేశించిన రహదారులపై) తక్కువ ఎత్తు వంతెనల కారణంగా ఆర్వీలను అనుమతించరు, బాల్టిమోర్ హార్బర్ సొరంగంలోకి ప్రొపేన్ సిలిండర్లతో వెళ్లనివ్వరు. కారు కోసం తయారైన మ్యాప్ యాప్ ఈ రెండింటిలో ఏదీ చెప్పదు.

టైర్ల గురించి ఒక మాట. ఆర్వీ టైరు అరగక ముందే ముసలిదవుతుంది. టైరు పక్కగోడపై డాట్ (DOT) అనే అక్షరాల వెంట ఉండే సంఖ్యలో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ తెలుపుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. పైకి కొత్తగా కనిపించినా ఆరేడేళ్లు దాటిన టైర్లను దూర ప్రయాణానికి ముందు నిపుణుడికి చూపించడం, మార్చమంటే మార్చడం మంచిది.

మందిరం ఆవరణలో కనెక్షన్లు

ఆర్వీ పార్కులో కరెంటు స్తంభం ఎలా ఉండాలో నియమాలుంటాయి. మందిరం ఆవరణలో అలా కాదు. సంఘ సభ్యులలో పని తెలిసిన ఒకాయన శనివారం సాయంత్రం బిగించిన సాకెట్ మీ కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. అందుకే ప్లగ్ పెట్టే ముందు మల్టీమీటరుతో గాని, తప్పు వైరింగును పసిగట్టే సర్జ్ ప్రొటెక్టర్‌తో గాని పరీక్షించాలి. వోల్టేజి 120కి దగ్గరగా ఉందా, ఫేజు న్యూట్రల్ తారుమారయ్యాయా, ఎర్త్ ఉందా అనే మూడింటిని చూడటానికి రెండు నిమిషాలు చాలు. చూడకపోతే ఎయిర్ కండిషనర్, ఫ్రిజ్ రెండూ ఒకేసారి పాడైపోవచ్చు.

ఎన్ని ఆంపియర్లు అందుతున్నాయో కూడా తెలుసుకోవాలి. 30 ఆంపియర్ల కనెక్షన్‌పై 3,600 వాట్ల వరకు, 50 ఆంపియర్ల కనెక్షన్‌పై 12,000 వాట్ల వరకు వాడుకోవచ్చు. కొన్నిచోట్ల గోడకున్న మామూలు 20 ఆంపియర్ల సాకెట్ తప్ప వేరే దారి ఉండదు. అంటే 2,400 వాట్లు. ఎయిర్ కండిషనర్ నడుస్తుండగా మైక్రోవేవ్ వేస్తే బ్రేకరు పడిపోతుంది. ఆ బ్రేకరు మందిరం వంటగదిదైతే, ఆదివారం ఆరాధన తరువాత సహవాస విందుకు పెట్టిన కాఫీ పాత్రలు చల్లారిపోతాయి, కారణం ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఆదివారం ఉదయం సాధ్యమైనంత తక్కువ కరెంటు వాడుకోవడం, లేదా ముందే పెద్దలను అడిగి విడి బ్రేకరు ఉన్న సాకెట్ తీసుకోవడం మర్యాద. ఎక్స్‌టెన్షన్ తీగ సన్నదైతే వేడెక్కుతుంది. ఎన్నడూ తోట పనికి వాడే తీగతో బండిని నడపకూడదు.

నీటి గొట్టం తాగునీటికి ఉద్దేశించినదై ఉండాలి, కుళాయి దగ్గరే పీడనాన్ని అదుపుచేసే రెగ్యులేటరును 50 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ప్రాంతంలో ఉంచి బిగించాలి. పాత బండ్ల పైపులు పట్టణపు నీటి పీడనానికి విడిపోతాయి. మురుగు విషయంలో కొత్తవారు తరచుగా చేసే పొరపాటొకటుంది. కనెక్షన్ ఉంది కదా అని మరుగుదొడ్డి ట్యాంకు వాల్వును ఎప్పుడూ తెరిచి ఉంచితే నీరు వెళ్లిపోయి గట్టి పదార్థం అడుగున పేరుకుంటుంది, తరువాత దాన్ని వదిలించడం ఎవరివల్లా కాదు. ట్యాంకు మూడింట రెండు వంతులు నిండే వరకు వాల్వు మూసి ఉంచి, తరువాత ముందు దాన్ని ఖాళీ చేసి, వెంటనే స్నానాల నీటి ట్యాంకును వదిలితే గొట్టం కూడా కడుక్కుపోతుంది. గొట్టం మందిరం మురుగు పైపుకు బిగించే చోట చుట్టూ సీలు ఉందో లేదో చూసుకోవాలి. బడి పిల్లలు ఆడుకునే గడ్డి మీద ఒక్క చుక్క కూడా పడకూడదు.

పని స్థలంలో

రోజు సాధారణంగా ఉదయకాల ప్రార్థనతో, కొద్దిసేపు వాక్యధ్యానంతో మొదలవుతుంది. దానికి ఆలస్యంగా రావడం పనికి ఆలస్యంగా రావడమే. ప్రతి పనికీ ఒక నాయకుడుంటాడు. మీరు ముప్పై ఏళ్లు ఇంజినీరుగా పనిచేసినవారైనా, ఆయన కంటే ఎక్కువ తెలిసినవారైనా, మాట ఆయనదే. అభ్యంతరం ఉంటే విరామంలో పక్కకు పిలిచి చెప్పాలి గాని అందరి ముందు చర్చకు దిగకూడదు. సంఘం రంగు ఎంపికల మీద, మందిరం నమూనా మీద, ముఖ్యంగా ఇతర సంఘాల సిద్ధాంతాల మీద వ్యాఖ్యానించడం అనుభవజ్ఞులు మానుకుంటారు, మానుకోనివారిని బృందం గుర్తుపెట్టుకుంటుంది.

పని రానివారికి భయం అక్కరలేదు. రంగులు, శుభ్రత, పలకలు అందించడం, కొలతలు రాసిపెట్టడం, కొట్టుకు వెళ్లి రావడం అనేవాటికి ఎప్పుడూ చేతులు కావాలి. కాస్త నేర్చుకోదలచినవారికి డ్రైవాల్, అంటే కాగితం పొర ఉన్న జిప్సం పలకలను గోడలకు బిగించే పని, మంచి ప్రారంభం. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గల అర అంగుళం పలక సుమారు 50 పౌండ్లకు పైగానే తూగుతుంది గనుక ఇద్దరు మోయాలి. స్క్రూలను గోడకు 16 అంగుళాలకు ఒకటి, పైకప్పుకు 12 అంగుళాలకు ఒకటి చొప్పున వేస్తారు. స్క్రూ తల కాగితం పొర కంటే కొద్దిగా లోపలికి, గుంట పడేలా దిగాలి. కాగితం చిరిగిందంటే పట్టు పోయినట్టే, పక్కన రెండు అంగుళాల దూరంలో ఇంకొకటి వేసి ముందుదాన్ని తీసేయాలి. అతుకుల మీద పట్టీ అంటించి పూత పూయడం మాత్రం అనుభవం ఉన్నవారికి వదిలేయడం మేలు, ఎందుకంటే మందిరం గోడ మీద పక్కనుంచి పడే కిటికీ వెలుతురులో చిన్న ఉబ్బు కూడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

విద్యుత్తు ప్యానెల్, గ్యాస్ పైపులు, భవనపు బరువు మోసే దూలాలు లైసెన్సు ఉన్నవారి పని, లేదా స్థానిక అధికారి తనిఖీ చేసి అనుమతించిన పని. పర్మిట్ ఉందా, తనిఖీ ఎప్పుడు అనే విషయాలను పని మొదలుకాక ముందే అడగడానికి సంకోచించకూడదు. తనిఖీ కాకముందే గోడ మూసేస్తే, మళ్లీ తెరవవలసినవారు మీ తరువాత వచ్చే బృందమే. 1978కి ముందు కట్టిన భవనంలో పాత రంగును గీరేముందు సీసం పరీక్ష చేయించాలి, సండే స్కూలు గదులలో ఇది మరీ ముఖ్యం. పాత నేల పలకలు, పైకప్పు పూతలలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ అనే నార ఉండవచ్చు గనుక పగలగొట్టే ముందు నమూనాను పరీక్షకు పంపించాలి.

నిచ్చెనల నుంచి పడటమే పెద్ద ప్రమాదం, పనివారిలో చాలామంది అరవై దాటినవారు గనుక. నిచ్చెన పైన ఆనుకునే చోటు నేల నుంచి ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో అందులో నాలుగో వంతు దూరం గోడ నుంచి అడుగు భాగాన్ని జరపాలి, పైకప్పు ఎక్కవలసి వస్తే నిచ్చెన అంచు దాటి 3 అడుగులు పైకి ఉండాలి. అమెరికా భద్రతా నియమాలు నిర్మాణ కూలీలకు 6 అడుగుల ఎత్తు దాటితే పడిపోకుండా రక్షణ ఉండాలంటాయి. జీతం లేని సేవకులకు ఆ నియమాలు చాలా సందర్భాలలో వర్తించకపోయినా ఎముకలకు ఆ తేడా తెలియదు. ఎత్తుపై పనిచేయలేమని ముందే చెప్పినవారిని ఎవరూ చిన్నచూపు చూడరు.

ఆరోగ్యం, బీమా, డబ్బు

65 ఏళ్లు నిండినవారిలో మూల మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్నవారు ఏ రాష్ట్రంలోనైనా మెడికేర్ తీసుకునే వైద్యుడి దగ్గరికి వెళ్లవచ్చు. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ పథకాలకు తరచుగా సొంత ప్రాంతపు వైద్యుల జాబితా ఉంటుంది, అత్యవసరం కానప్పుడు దాని బయట ఖర్చు పెరుగుతుంది. రోడ్డెక్కే ముందు ఈ సంగతి తెలుసుకోవడానికి పథకంవారికి ఒక్క ఫోను చేయాలి. ఏడాదంతా బండిలోనే ఉండేవారికి సెలవుల బీమా సరిపోదు, పూర్తికాల నివాసానికి వేరే పాలసీ ఉంటుంది. 1997 నాటి వాలంటీర్ ప్రొటెక్షన్ చట్టం లాభాపేక్ష లేని సంస్థల సేవకులకు మామూలు నిర్లక్ష్యం విషయంలో కొంత రక్షణ ఇస్తుంది గాని, వాహనం నడుపుతూ చేసిన నష్టానికి అది వర్తించదు. సంఘం కలప తేవడానికి మీ పికప్ వాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆదాయపు పన్నులో సేవకుడి శ్రమకు విలువ కట్టి తగ్గించుకోవడానికి వీల్లేదు. మినహాయింపులను విడివిడిగా చూపించేవారు అర్హత గల సంస్థ కోసం నడిపిన దూరానికి మైలుకు 14 సెంట్లు, లేదా అసలు ఇంధన ఖర్చు చూపవచ్చు. ప్రయాణంలో చెప్పుకోదగినంత విహారం కలిసి ఉంటే ప్రయాణ ఖర్చులకు ఆ మినహాయింపు కూడా ఒప్పుకోరు. తేదీ, మైళ్లు, పని స్థలం పేరు రాసే చిన్న పుస్తకం డ్రైవరు సీటు పక్కనే ఉంచుకుంటే పన్ను లెక్కలు సమర్పించే ఏప్రిల్‌లో వెతుకులాట ఉండదు.

వెళ్లిపోయేటప్పుడు

బయలుదేరే ముందు రోజున ఎక్కడివరకు పని అయిందో, ఏది మిగిలిందో, గోడలో ఏ తీగ ఎటు వెళ్లిందో ఒక కాగితంపై రాసి, గోడ మూయకముందు తీసిన ఫొటోలతో సహా నాయకుడికి ఇవ్వాలి. మిగిలిన రంగు డబ్బాల మూతలపై ఏ గదికి వాడారో రాయాలి. తీసుకున్న తాళాలు, పనిముట్లు అప్పగించి, బండి నిలిచిన చోట దిమ్మెలు తీసేసి, మేకులు లేకుండా అయస్కాంతంతో ఏరి, మురుగు పైపు మూత గట్టిగా బిగించి, ఆ మూత బిగించినట్టు ఆవరణ చూసుకునేవారికి చూపించి బయలుదేరాలి.