లాన్ తీసేసి అరటి, మెట్టతామర పెట్టాను

సైనిక్‌పురిలో మా ఇంటి ముందు లాన్‌ని ఏడేళ్లు కాపాడుకుంటూ వచ్చాను. ఎండాకాలం 40 డిగ్రీలు దాటిందంటే రెండు పూటలా తడిపినా మాడిపోయేది. ట్యాంకర్ నీళ్లు కొని గడ్డికి పోయడానికి మనసొప్పలేదు.

ధైర్యం చెప్పింది అమెరికాలో, మిన్నెసోటాలో ఉండే మా తమ్ముడు. అంత చలిలోనూ లాన్ తీసేసి మెట్టతామర (కాన్నా పూల మొక్క) పెంచుతున్నాడు. మంచుకి ఆకులు నల్లబడగానే దుంపలు తవ్వి, పొడి రంపపుపొట్టులో పెట్టి బేస్‌మెంట్‌లో దాస్తాడు. వసంతంలో మళ్లీ నాటుతాడు. "అక్కా, హైదరాబాద్‌లో నీకు ఆ తవ్వే పనే లేదు కదా" అన్నాడు.

మే నెలలో గడ్డిని నేలబారుగా కోయించి, బాగా తడిపి, గడ్డి మళ్లీ లేవకుండా అట్టపెట్టెలు విప్పి సందు లేకుండా పరిచాను. టేపులు, పిన్నులు ముందే పీకేయాలి. పైన జానెడు మందాన ఎండుటాకులు, పశువుల ఎరువు. తొలకరి పడ్డాక అట్టకి చిల్లులు చేసి అరటి పిలకలు, మెట్టతామర, పసుపు నాటాను. చిల్లుల్లోంచి గరిక లేస్తూనే ఉంటుంది, వేరుతో సహా లాగాల్సిందే.

అరటిలాంటి ఆకులుండే పూల మొక్క హెలికోనియా కూడా పెట్టాను, దాని దగ్గర మాత్రం దెబ్బతిన్నాను. పడమటి ఎండలో పెడితే ఆకుల అంచులు కాలిన కాగితంలా గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. చాలా బాధేసింది. అరటి నీడలోకి మార్చి, మొదలు చుట్టూ ఎండుటాకులు మందంగా కప్పాను. మూడు వారాలకి లేతాకుపచ్చ చుట్ట ఒకటి బయటికొచ్చి మెల్లగా విప్పుకుంది.

చలికాలంలో పసుపు మొక్క ఆకులు ఎండిపోతే టెన్షన్ పడకండి, దుంప లోపల బతికే ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్లు ఇప్పుడు అరటి పాదులోకే పోస్తున్నాను.