దసరాకి పాత కారు పాలిష్ చేయిస్తున్నారా? మెషీన్ పెట్టేముందు గుడ్డతో ఒకసారి రుద్ది చూడండి

మొన్న మా వీధిలో ఒకాయన ఎర్ర మారుతి 800 బానెట్ ఒక్క పూటలో పాడైపోయింది. ఎండకి వెలిసిపోయి, చెయ్యి పెడితే పొడి అంటుకునే స్థితిలో ఉంది, ఆయుధపూజకి మెరవాలని రోడ్డు పక్క షాపులో ఇచ్చారు, సాయంత్రానికి అంచుల వెంట రంగు కింద వేసే బూడిదరంగు ప్రైమర్ బయటపడింది. కంపెనీలో వేసిన పెయింట్ అది, మళ్లీ రాదు. పండగ దగ్గరికొచ్చింది, షెడ్లలో ఉన్న పాత బండ్లన్నీ బయటికొస్తాయి కాబట్టి రాస్తున్నాను. బండి కడిగి ఆరబెట్టడం లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

నేను చూసినంతలో ఎక్కువ బండ్లు పాడైంది ఒకే తప్పు వల్ల: పైన ఏ పొర ఉందో చూడకుండా రుద్దడం. కంపెనీ పెయింట్ ప్రైమర్‌తో కలిపి మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, అంటే ఇంచుమించు ఒక జిరాక్స్ కాగితం మందం. అందులో పైన ఉండే క్లియర్ కోట్, అంటే రంగులేని పారదర్శక పొర, 40, 50 మైక్రాన్లే. కింది రంగుని ఎండ నుంచి కాపాడేది అదే.

తెల్ల కాటన్ గుడ్డకి కాస్త పాలిష్ రాసి, డోర్ కింది భాగంలో పెద్దగా కనబడని చోట చేత్తో రుద్దండి (తెల్ల బండైతే నల్ల గుడ్డ తీసుకోండి). గుడ్డకి బండి రంగు అంటితే క్లియర్ కోట్ లేని పాతరకం పెయింట్. పైన పొడైపోయిన పొరని నిదానంగా తీస్తే కింద మంచి రంగు దొరుకుతుంది, ఇలాంటి బండ్లు నిజంగా అందంగా తిరిగొస్తాయి. రంగు అంటకపోతే పైన క్లియర్ కోట్ ఉన్నట్టే, దాన్ని ఎంత తక్కువ తీస్తే అంత మంచిది. ప్రతి ప్యానెల్‌నీ విడిగా చూడండి, ఎందుకంటే ఎప్పుడో డెంట్ తీయించి ఒక్క డోర్‌కే మళ్లీ పెయింట్ వేయించి ఉండొచ్చు.

క్లియర్ కోట్ పొలుసులుగా లేస్తుంటే మాత్రం ఏ కాంపౌండూ (పాలిష్‌కి రుద్దే పేస్ట్) దాన్ని అతికించదు. రుద్దేకొద్దీ ఇంకా లేస్తుంది. ఆ ప్యానెల్‌కి మళ్లీ పెయింట్ వేయించడం తప్ప దారి లేదు, పాలిష్‌తో సరిచేస్తామన్నవాళ్లని నమ్మొద్దు.

ఇక మెషీన్. చాలాచోట్ల నాలుగంగుళాల గ్రైండర్‌కే ఉన్ని ప్యాడ్ తగిలించి వాడుతున్నారు. అది నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది, పాలిషింగ్ మెషీన్ మహా అయితే 3,000. గ్రైండర్ చేతిలో కనబడితే బండి వెనక్కి తెచ్చేసుకోండి.

అంచులు, మడతలు, డోర్ హ్యాండిల్ చుట్టూ పెయింట్ పలచగా ఉంటుంది, అక్కడ మాస్కింగ్ టేప్ వేయించండి, చేత్తోనే చేయించండి. ఎండలో చేయించొద్దు, రేకు వేడిగా ఉంటే కాంపౌండ్ ఆరిపోయి గీతలు పడతాయి. ఒకే చోట ప్యాడ్ ఆపి ఉంచనివ్వొద్దు. వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టాల్సివస్తే 2000 నంబర్ కన్నా గరుకుది వద్దు (నంబర్ తగ్గేకొద్దీ గరుకు పెరుగుతుంది), అదీ తడిపే. పొడిగా అసలు గీకొద్దు, పాత పసుపు, ఎరుపు పెయింట్లలో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పిల్లలు తిరిగేచోట పడకూడదు. టూత్‌పేస్ట్ వద్దు. కిరసనాయిలు, డీజిల్ వద్దు, ఆ మెరుపు తడి ఉన్నంతసేపే, ఆ తర్వాత దుమ్మంతా దానికే అంటుకుంటుంది. గట్టిపడడానికి హార్డెనర్ కలిపే క్లియర్ కోట్‌ని ఇంటి దగ్గర స్ప్రే చేయొద్దు, అందులో ఉండే ఐసోసయనేట్లు ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తాయి, ఆస్తమా తెప్పిస్తాయి, గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు. వేరే రంగు వేయిస్తే ఆర్‌సీలో కూడా మార్పించుకోండి. మళ్లీ చెబుతున్నా, గుడ్డతో చూడకుండా మెషీన్ పెట్టనివ్వొద్దు, ఎంత తొందరలో ఉన్నా సరే. బండి ఇచ్చేసి టీ తాగడానికి వెళ్లిపోవద్దు, పక్కనే నిలబడండి. “ఇంకో రౌండ్ కొడదాం సార్” అంటే వద్దనండి. తీసిన పొర మళ్లీ అతకదు, కాస్త మసక మిగిలినా ఫర్వాలేదు. పని అవ్వగానే వ్యాక్స్ పూయించండి, మళ్లీ రెండు మూడు నెలలకోసారి పూస్తూ ఉండండి, నీడలో పెట్టే వీలు లేకపోతే కనీసం బానెట్‌కీ టాప్‌కీ అయినా.