నలుగురి ఇల్లు, లెక్క ఖర్చు, లోటు లేని భోజనం

నెల సరుకుల ఖర్చు తగ్గించాలి అనుకోగానే చాలా ఇళ్లలో మొదట కోత పడేది చింతపండు, ఎండుమిర్చి, ఇంగువ, నెయ్యి మీదే. చౌక రకం తెస్తారు, వంట చప్పబడుతుంది, పిల్లలు కంచంలో వదిలేస్తారు, ఆదివారం రాగానే బయట నుంచి బిర్యానీ తెప్పిస్తారు. నలుగురికి ఒక్కసారి తెప్పించిన బిర్యానీ డబ్బుతో నెలల తరబడి వాడుకునేంత మంచి ఇంగువ వస్తుంది. రుచినిచ్చే సరుకు రోజుకు చిటికెడో చెంచాడో పడుతుంది, కాబట్టి అందులో మేలురకం కొన్నా నెల మొత్తం మీద పెరిగే ఖర్చు కొద్దిగానే ఉంటుంది. పొదుపు చేయాల్సింది ఎక్కువగా ఖర్చయ్యేవాటిలో: నూనె, కాలం కాని కూరగాయలు, గ్యాసు, పారబోసే అన్నం.

కింది కొలతలన్నీ ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి.

ఏడాది సరుకు

సంక్రాంతి వెళ్లిన దగ్గర నుంచి ఎండలు ముదిరేదాకా కొత్త కందిపప్పు, పసుపు, చింతపండు, మిర్చి వరసగా మార్కెట్‌కి వస్తాయి. ఏడాదికంతా ఒక్కసారే కొనే డబ్బు అందరి దగ్గరా ఉండదు. అలాంటప్పుడు నెలకు ఒక్క సరుకు పెట్టుకోండి. ఫిబ్రవరిలో కందిపప్పు, మార్చిలో చింతపండు, ఏప్రిల్‌లో మిర్చి, మేలో మామిడి ఒరుగులు.

చింతపండు రోజుకు నిమ్మకాయంత, అంటే 20 గ్రాముల దాకా పడుతుంది. ఏడాదికి 7 కిలోలు. గింజ, ఈనెలు తీసి, ఒక రోజు ఎండలో పెట్టి, రాళ్ల ఉప్పు పొరలు పొరలుగా చల్లుతూ జాడీలో అదిమి పెట్టాలి. నాళ్లు గడిచేకొద్దీ నల్లబడుతుంది. దానివల్ల చారు రంగు మారుతుందే గానీ పులుపు పోదు, పారేయకండి.

మిర్చి కొనేటప్పుడు కాయను చెవి దగ్గర పెట్టి ఆడించండి. గింజలు గలగలమంటే బాగా ఎండినట్టు. మెత్తగా వంగితే తేమ ఉన్నట్టే, వానల్లో బూజు పడుతుంది. గుంటూరు తేజలో కారం ఎక్కువ, బ్యాడిగిలో రంగు ఎక్కువ. రెండు పాళ్లు తేజ, ఒక పాలు బ్యాడిగి కలిపి ఆడిస్తే కూర ఎర్రగా ఉంటుంది, కారం కూడా తక్కువే పడుతుంది. తొడిమలు మర ఆడించే రోజునే తీయండి. తెల్లబారిన తాలు కాయలు చౌకగా వస్తాయని కొనకండి, ఆ కారంతో పెట్టిన పచ్చడికి రంగే రాదు.

తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉడికితే వెన్నలా మెదుగుతుంది, వాసన బాగుంటుంది. ఏ పప్పు కొన్నా పది, పన్నెండు కిలోలు నిల్వ పెట్టేటట్టయితే కిలోకు చెంచాడు ఆముదం అరచేతికి రాసుకుని పప్పుకంతా పట్టించండి. పురుగు చేరదు. వండే ముందు గోరువెచ్చని నీళ్లతో రెండుసార్లు కడిగితే జిడ్డు పోతుంది.

ఎక్కువమంది వదిలేసేది మామిడి ఒరుగులు. పుల్లటి కాయ చెక్కు తీసి, ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, విరిస్తే పుటుక్కుమనేదాకా నాలుగైదు రోజులు ఎండబెట్టాలి. వానాకాలంలో టమాటా ధర ఎగిరినప్పుడు ఆరేడు ఒరుగులు నానబెట్టి పప్పులో వేస్తే టమాటా కొనాల్సిన పని లేదు. ఉల్లిపాయలు కూడా ఎండాకాలపు పంటవే నిల్వకు ఆగుతాయి. ఖరీఫ్ ఉల్లిలో నీరు ఎక్కువ, అవి వారానికి సరిపడా మాత్రమే తెచ్చుకోవాలి.

పప్పు మెత్తగా ఎందుకు ఉడకదు

రోజూ పప్పు తినే ఇంట్లో పప్పు సరిగా ఉడక్కపోతే గ్యాసు దండగ, పైగా ఎవరూ తినరు. కారణం చాలాసార్లు నీళ్లు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, అది పప్పును గట్టిపరుస్తుంది. ఆ ఒక్క గిన్నెకైనా తాగే నీళ్లు వాడండి. రెండో కారణం పులుపు ముందే పడటం. చింతపండు, టమాటా, గోంగూర, చుక్కకూర ఏదైనా సరే పప్పు మెదిగాకే కలపాలి.

నలుగురికి 200 గ్రాముల కందిపప్పు. కిలో ధర ఎంతున్నా అందులో ఐదో వంతు, పప్పు ఖర్చు అంతే. ముప్పావు గంట నానబెట్టి, ఆ కొలతకు మూడింతలు, అంటే 600 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, పసుపు, నాలుగు చుక్కల నూనె వేయండి. నూనె నురగను పొంగనివ్వదు, విజిల్ దగ్గర పప్పు అడ్డుపడదు. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి ఎనిమిది, పది నిమిషాలు. పెద్ద మంట మీద ఎన్ని విజిళ్లు వచ్చినా గ్యాసు ఆవిరై పోవడమే తప్ప పప్పు త్వరగా ఉడకదు. పప్పు వేడిగా ఉండగానే గుత్తితో మెదపాలి, చల్లారితే పలుకు విడిపోదు.

పోపుకు రెండు చెంచాల నూనె చాలు, కానీ పోపు గరిటెలో పెట్టాలి. వెడల్పు మూకుడులో ఆ నూనె పల్చగా పరుచుకుపోతుంది, ఆవాలు మునగవు, సగం చిట్లకుండానే మాడతాయి. అందుకే ఇంకో రెండు చెంచాలు పోస్తారు. ఆవాలు చిటపటలాడాక మినప్పప్పు, అది ఎర్రబడుతుండగా ఎండుమిర్చి, జీలకర్ర, దంచిన వెల్లుల్లి, కరివేపాకు. స్టవ్ కట్టేశాక ఇంగువ. మంట మీద వేస్తే ఇంగువ మాడి చేదెక్కుతుంది. పోపు పప్పులో పడగానే మూత పెట్టి రెండు నిమిషాలు కదపకండి, ఘుమఘుమ అంతా గిన్నెలోనే ఉంటుంది.

నెయ్యి వంటలో పోయడం దండగ. కంచంలో మొదటి ముద్దకు అరచెంచా వేసుకుంటే నోటికి తెలుస్తుంది. వెన్న తీయని గేదెపాలు రోజుకు అర లీటరు కాచి, మీగడ పక్కన పెట్టుకుంటూ వస్తే వారానికి 100 గ్రాముల దగ్గర నెయ్యి చేరుతుంది.

నూనె సీసా లెక్క

నెలకు మనిషికి అర లీటరు నూనె చాలని డాక్టర్లు చెప్తుంటారు. నలుగురికి రెండు లీటర్లు. ఈ లెక్క పాటించడానికి తేలికైన దారి ఒకటుంది. ఆదివారం పొద్దున ఒక అర లీటరు సీసా నింపి పెట్టుకోండి. వారమంతా అదే. గురువారానికి సీసా సగం కంటే కిందికి దిగిపోతే శుక్ర, శనివారాలు పులుసు, పచ్చడి, ఉడకబెట్టిన కూర.

వేపుళ్లే నూనె తాగేవి. దొండకాయ, చిక్కుడు, అరటికాయ ముందు ఆవిరి మీద ముప్పావు వంతు ఉడికించి, ఇనుప మూకుడులో చెంచాన్నర నూనెతో వేయించండి. బెండకాయకు ఇది పనికిరాదు. కాయలు కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాకే కోయాలి. మూత పెట్టకూడదు, ఉప్పు చివర్లో వేయాలి. ముందే వేస్తే నీరు ఊరి జిగట అవుతుంది, ఆ జిగట పోగొట్టడానికి మళ్లీ నూనె పోయాల్సి వస్తుంది. వంకాయ స్పాంజిలా నూనె పీల్చుకుంటుంది, అందుకని ముక్కలకు ఉప్పు కలిపి, మూత పెట్టి, సన్నసెగ మీద చారెడు నీళ్లు చిలకరిస్తూ మగ్గనివ్వండి.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద నికర బరువు చదవండి. లీటరు నూనె 910 గ్రాముల దగ్గర తూగుతుంది. చూడటానికి అదే సైజున్న ప్యాకెట్లలో 850 గ్రాములవి, అంతకంటే తక్కువవి కూడా అమ్ముతున్నారు. ధరను గ్రాములతో భాగించి పోల్చుకుంటేనే ఏది చౌకో తెలుస్తుంది.

కాయతో పాటు పొట్టు

రైతు బజార్లు 1999లో మొదలయ్యాయి. అక్కడ రోజు ధరలు బోర్డు మీద రాస్తారు. ఏం వండాలో ఇంట్లోనే తేల్చుకుని వెళ్లకండి, బోర్డు చూశాక తేల్చుకోండి. అన్నిటికంటే తక్కువ ధరున్న రెండు కూరగాయలు, రెండు ఆకుకూరలు తీసుకుంటే వారంలో సగం గడిచిపోతుంది. తోటకూర ముదురు కాడలు పులుసులోకి, లేత ఆకు పప్పులోకి. ఒక కట్ట రెండు పూటలు వస్తుంది.

అర కిలో బీరకాయలు కొంటే దాంట్లోనే పచ్చడి కూడా ఉంది. ముందు ప్రతి కాయ కొస కోసి నాలుక మీద పెట్టి చూడాలి. బీర, సొర, దోస ఏది చేదున్నా ఆ కాయ పారేయాల్సిందే. ఆ చేదు కడుపుకు ప్రమాదం, ఉడికించినా పోదు, ఇక్కడ మాత్రం పొదుపు చూడొద్దు. మంచి కాయ అయితే ఈనెల కొసలు మాత్రం గీకేసి, చెక్కు పల్చగా తీసి సన్నగా తరగండి. ఒక చెంచా నూనెలో శనగపప్పు, మినప్పప్పు చెంచాడు చొప్పున, ఐదారు ఎండుమిర్చి, అర చెంచా జీలకర్ర వేయించి పక్కన పెట్టండి. అదే మూకుడులో ఇంకో చెంచా నూనె వేసి, పొట్టును ఆకుపచ్చ రంగు మందగించి అంచులు కరకరలాడేదాకా, ఆరేడు నిమిషాలు వేయించాలి. ఇక్కడ తొందరపడితే పచ్చడి గడ్డి వాసన వస్తుంది, పీచు పళ్లకు తగులుతుంది. పప్పులు, మిర్చి ముందు బరకగా తిప్పి, ఆ తరువాత ఉసిరికాయంత చింతపండు, ఉప్పు, పొట్టు వేసి రెండు తిప్పులు మాత్రమే. మెత్తగా రుబ్బితే రుచి మారుతుంది.

పొడి డబ్బా ఖాళీ కాకూడదు

కూర వండే ఓపిక లేని రాత్రే ఫోన్లో ఆర్డర్ పెట్టాలనిపిస్తుంది. ఆ రాత్రికి కందిపొడి, నెయ్యి, పచ్చిపులుసు ఉంటే చాలు. కప్పు కందిపప్పు, అర కప్పు శనగపప్పు, పది పన్నెండు ఎండుమిర్చి, చెంచా జీలకర్ర. పప్పులు విడివిడిగా, సన్నసెగ మీద, ఒక్కోటి పది నిమిషాలకు తగ్గకుండా వేయించాలి. మంట పెంచితే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటుంది, పొడి అంగిలికి అతుక్కుంటుంది. వేగిందో లేదో చూడటానికి ఒక పప్పు నోట్లో వేసుకోండి, చిన్న శబ్దంతో పగిలి పిండి కావాలి. పూర్తిగా చల్లారాకే మిక్సీ. వేడి మీద తిప్పితే ఆవిరి పట్టి ఉండలు కడుతుంది. వెల్లుల్లి వేస్తే పది రోజుల్లో వాడేయాలి, వేయకపోతే నెల నిలుస్తుంది.

పచ్చిపులుసును పొయ్యి మీద కాచనక్కర్లేదు. చింతపండు రసం, పచ్చి ఉల్లిపాయ, కాల్చిన పచ్చిమిర్చి, చిటికెడు బెల్లం, ఉప్పు చేత్తో పిసికితే చాలు.

మాంసం తక్కువ, రుచి ఎక్కువ

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చూపించే రోజువారీ పళ్లెంలో ధాన్యం 250 గ్రాములుంటే పప్పులు, గుడ్డు, మాంసం అన్నీ కలిపి 85 గ్రాములు. అంటే మూడు పాళ్లకు ఒక పాలు. మన ఇళ్లలో అన్నం పెరిగి ఈ ఒక్క పాలు తగ్గిపోతుంటుంది. పిల్లల కంచంలో ముందు దాన్ని సరిచేయాలి.

గుడ్ల పులుసుకు గుడ్లు ముందే ఉడకబెట్టనక్కర్లేదు. పులుసు చిక్కబడ్డాక మంట తగ్గించి, గుడ్లు ఒక్కోటి దూరం దూరంగా పగలగొట్టి వేసి, గరిటె పెట్టకుండా మూత వేసి ఐదారు నిమిషాలు ఉంచండి. పులుసు గుడ్డులోకి పడుతుంది, ఒక పొయ్యి మిగులుతుంది.

ఎండు రొయ్యలు 50 గ్రాములు చాలు, అర కిలో వంకాయలకు రుచి వస్తుంది. తల, తోక, కాళ్లు తీసేసి, నూనె లేకుండా మూడు నిమిషాలు వేయించి, గోరువెచ్చని నీళ్లలో రెండుసార్లు కడగాలి, ఇసుక అడుగుకు దిగుతుంది. ఉప్పు చివర్లో, రుచి చూశాకే. చికెన్ అర కిలోనే తెచ్చినప్పుడు రెండు కట్టల గోంగూర విడిగా మగ్గబెట్టి, ముక్క ఉడికాక కలపండి. పులుపు ముందే పడితే ముక్క బిరుసెక్కుతుంది.

అన్నం, పిండి

కొత్త బియ్యానికి గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు, ఏడాది దాటిన పాత బియ్యానికి రెండున్నర. పాతవి ఎక్కువ ఒదుగుతాయి, కాబట్టి కిలోకు నాలుగైదు రూపాయలు ఎక్కువైనా నష్టం లేదు. రేషన్ బియ్యంలో కొన్ని గింజలు వేరే రంగులో కనిపించి నీళ్లలో తేలితే ప్లాస్టిక్ అనుకుని ఏరిపారేయకండి. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన బలవర్ధక గింజలు.

మిగిలిన అన్నం రాత్రంతా గిన్నెలో వదిలేయకూడదు. వేసవిలో రెండు గంటలు దాటితే అందులో పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు. భోజనాలు కాగానే, అన్నం గోరువెచ్చగా ఉండగా రెండు కప్పులకు కప్పున్నర గోరువెచ్చని పాలు పోసి, చెంచా పెరుగు తోడు వేసి, నాలుగు ఉల్లిపాయ ముక్కలు, ఒక పచ్చిమిర్చి చీలిక వేసి మూత పెట్టండి. పొద్దున్నకి కమ్మగా తోడుకుంటుంది. ఆ రోజు టిఫిన్ అదే.

ఇడ్లీ పిండి వారానికి ఒక్కసారి రుబ్బితే నాలుగు పొద్దులు గడుస్తాయి. గ్లాసు మినపగుళ్లకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. గుళ్లు నాలుగు గంటలు నానాక చల్లటి నీళ్లు చిలకరిస్తూ రుబ్బాలి, మిక్సీ వేడెక్కితే పిండి పొంగదు. రవ్వను నీళ్లన్నీ పోయేలా గట్టిగా పిండి కలపాలి. ఇడ్లీలు అప్పచ్చుల్లా అణిగిపోయేది చాలాసార్లు రవ్వలో నీళ్లు మిగిలిపోవడం వల్లే. వేసవిలో ఏడు గంటలకు పులుస్తుంది, డిసెంబరులో పన్నెండు పద్నాలుగు గంటలు కావాలి. మొదటి రెండు రోజులు ఇడ్లీ, మూడో రోజు రెండు చెంచాల బియ్యప్పిండి కలిపి దోసె. నాలుగో రోజుకు పులుపెక్కిన పిండిలో గుప్పెడు బొంబాయి రవ్వ కలిపి పావుగంట నాననిచ్చి, ఉల్లి, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి గుంత పొంగనాలు పోయండి. గుంతకు నాలుగు చుక్కల నూనె చాలు, పక్కన ఆ బీరపొట్టు పచ్చడి పెట్టుకోండి.