డీఎక్స్ క్లస్టర్‌లో ముందు ఫిల్టర్ పెట్టుకోండి, స్పాట్ల సంగతి తర్వాత

డీఎక్స్ క్లస్టర్ అంటే హ్యామ్‌లు (అమెచ్యూర్ రేడియో వాళ్లు) తాము విన్న దూరపు స్టేషన్ల కబుర్లు ఇంటర్నెట్‌లో పంచుకునే చోటు, దూరపు స్టేషన్‌ని డీఎక్స్ అంటారు, అలాంటి ఒక్కో కబురూ ఒక స్పాట్. కొత్తగా హ్యామ్ లైసెన్స్ వచ్చినవాళ్లు చాలామంది డీఎక్స్ క్లస్టర్‌కి కనెక్ట్ అయిన మొదటి రోజే విసిగిపోతారు. స్క్రీన్ మీద లైన్లు వరదలా వచ్చి పడుతుంటాయి, ఒక్కోదానికీ రిగ్ (రేడియో సెట్టు) తిప్పి వింటే బుస్సుమనే నాయిస్ తప్ప ఏమీ ఉండదు, చివరికి నా యాంటెన్నాలోనే ఏదో లోపం ఉందని టెన్షన్ పడతారు. చాలాసార్లు యాంటెన్నా బాగానే ఉంటుంది. ఆ స్టేషన్‌ని విన్న మనిషి ఏ దేశంలో కూర్చుని విన్నాడో మనం చూడం, అదీ అసలు ఇబ్బంది.

ఒక స్పాట్ లైన్ తీసుకోండి. 'డీఎక్స్ డీ' అని మొదలవుతుంది, దాని పక్కనే స్పాట్ పెట్టినవాడి కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే గుర్తు పేరు), తర్వాత కిలోహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీ, తర్వాత అతను విన్న స్టేషన్, ఆపైన చిన్న కామెంట్, చివర జెడ్ అక్షరంతో టైమ్. ఆ టైమ్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), మన టైమ్ కావాలంటే దానికి 5 గంటల 30 నిమిషాలు కలుపుకోవాలి, అంటే 1230 జెడ్ అంటే మనకి సాయంత్రం 6. అందరి కళ్లూ మూడో గడిలో ఉన్న అరుదైన కాల్‌సైన్ మీదే ఉంటాయి, నేను మాత్రం మొదటి గడి చూడమంటాను. అమెరికా తూర్పు తీరంలో ఒకాయన ఒక కరేబియన్ దీవిని విన్నాడంటే అది ఆయనకి పనికొచ్చే వార్త, గుంటూరులో మన డైపోల్ యాంటెన్నాకి కాదు.

ముందు లోపలికి వెళ్దాం. ఈ కమాండ్లని ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయాలి, ఎస్‌హెచ్ అంటే షో అన్నమాటకి పొట్టి రూపం. పుట్టీ లాంటి ప్రోగ్రామ్‌లో టెల్నెట్ ఎంచుకుని నోడ్ (క్లస్టర్‌ని నడిపే కంప్యూటర్) అడ్రసు, పోర్ట్ నంబరు ఇవ్వండి, 7300, 7373, 8000 ఎక్కువగా కనిపించే పోర్టులు. లాగింగ్ సాఫ్ట్‌వేర్లలో కూడా క్లస్టర్ విండో ఉంటుంది. లాగిన్ అడిగితే మీ కాల్‌సైన్ కొట్టండి, చాలా నోడ్లు పాస్‌వర్డ్ అడగవు. నోడ్లన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కాబట్టి ఏ దేశపు నోడ్‌లో చేరినా దాదాపు అవే స్పాట్లు వస్తాయి. కానీ వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ వేరుగా ఉండొచ్చు: డీఎక్స్ స్పైడర్, సీసీ క్లస్టర్, ఏఆర్ క్లస్టర్. స్వాగతం చెప్పే లైన్లలోనే సాధారణంగా ఆ పేరు ఉంటుంది, చూసుకోండి, ఎందుకంటే ఫిల్టర్ కమాండ్లు ఒకదానిలో ఉన్నట్టు ఇంకోదానిలో ఉండవు. నేను చెప్పేది డీఎక్స్ స్పైడర్ పద్ధతి. బ్రిటిష్ హ్యామ్ డర్క్ కూప్‌మన్ పెర్ల్ భాషలో రాసిన ప్రోగ్రామ్ ఇది, 1980లలో ప్యాకెట్ రేడియో (రేడియో తరంగాల మీద డేటా పంపే పద్ధతి) మీద నడిచిన ప్యాకెట్ క్లస్టర్ కమాండ్ల వరసే ఇందులోనూ ఉంటుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు మీ వివరాలు ఇవ్వండి. 'సెట్/నేమ్' తర్వాత పేరు, 'సెట్/క్యూటీహెచ్' తర్వాత ఊరు, 'సెట్/క్యూఆర్ఏ' తర్వాత మీ గ్రిడ్ లొకేటర్, అంటే భూమిని గళ్లుగా విడదీసి మీరున్న గడికి ఇచ్చిన కోడ్. హైదరాబాద్ ఎంకే97లో పడుతుంది, విజయవాడ ఎన్‌కే06, విశాఖ ఎన్‌కే17, వాటికి ఇంకో రెండు అక్షరాలు చేర్చి ఆరు అక్షరాలదిగా ఇవ్వండి. ఇది ఊరికే అడిగేది కాదు, 'ఎస్‌హెచ్/హెడింగ్' అని కొట్టి ఏదైనా ప్రిఫిక్స్ (ఏ దేశమో చెప్పే కాల్‌సైన్ మొదటి అక్షరాలు) ఇస్తే యాంటెన్నా ఎటు తిప్పాలో డిగ్రీల్లో చెప్పేది ఈ లొకేటర్‌ని బట్టే.

ఇప్పుడు ఫిల్టర్. ప్రపంచాన్ని సీక్యూ జోన్లుగా 40 ముక్కలు చేశారు, భారత్ 22లో ఉంది, శ్రీలంక, నేపాల్ కూడా అందులోనే. గల్ఫ్ దేశాలు 21, థాయిలాండ్ వైపు 26, మలేషియా, సింగపూర్, ఇండోనేషియా 28. కాబట్టి నేను మొదట పెట్టమనేది ఇదీ:

యాక్సెప్ట్/స్పాట్స్ 1 బై_జోన్ 21,22,26,28

ఇందులో 'బై' అన్న మాటే ప్రాణం. స్పాట్ పెట్టినవాడు ఈ జోన్లలో ఉంటేనే నాకు చూపించు అని దానర్థం. దాని బదులు 'కాల్_జోన్' అని కొడితే వినిపించిన స్టేషన్ ఉన్న జోన్ అవుతుంది, పూర్తిగా వేరే సంగతి, అది పొరపాటున కొట్టి డీఎక్స్ ఏమీ రావట్లేదేంటని బాధపడేవాళ్లు ఉంటారు. దుబాయ్‌లోనో కొలంబోలోనో ఒకరికి వినిపించిందంటే మనకీ వినిపించే అవకాశం బాగా ఉన్నట్టే. మన చుట్టుపక్కల స్పాట్లు పెట్టేవాళ్లు తక్కువ కాబట్టి ఒక్కోసారి స్క్రీన్ చాలాసేపు ఖాళీగా ఉంటుంది, అప్పుడు కంగారుపడి ఫిల్టర్ తీసేయకండి, ఇంకో జోన్ కలిపి చూడండి.

అదే 1వ నంబరు లైన్‌లో ఒక రిజెక్ట్ కూడా పెట్టుకోవచ్చు. మన దేశంలో 40 మీటర్ల బ్యాండ్ 7000 నుంచి 7200 కిలోహెర్ట్జ్ వరకే, అమెరికా వాళ్లకి 7300 దాకా ఉంది. మనం మాట్లాడకూడని చోటి స్పాట్లు ఎందుకు?

రిజెక్ట్/స్పాట్స్ 1 ఆన్ 7201/7300

ఒకే నంబరులో రెండూ ఉంటే రిజెక్ట్ ముందు పనిచేస్తుంది, యాక్సెప్ట్ తర్వాత. ఇక ఎక్కడ విన్నా సరే తెలియాల్సిన కాల్‌సైన్లు కొన్ని ఉంటాయి కదా, నాకైతే అండమాన్, లక్షద్వీప్. వాటికి రెండో లైన్ 'యాక్సెప్ట్/స్పాట్స్ 2 కాల్ వీయూ4,వీయూ7' పెడితే చాలు. అంతా అయ్యాక 'ఎస్‌హెచ్/ఫిల్టర్' కొట్టి ఒకసారి చదువుకోండి. గందరగోళమైతే 'క్లియర్/స్పాట్స్ ఆల్' అని మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెట్టండి. ఈ ఫిల్టర్ ఆ నోడ్‌లోనే మీ కాల్‌సైన్ పేరు మీద దాచి ఉంటుంది, రేపు ఇంకో నోడ్‌కి వెళ్తే మళ్లీ పెట్టుకోవాల్సిందే.

పాత స్పాట్లు వెతకడానికి 'ఎస్‌హెచ్/డీఎక్స్'. ఊరికే కొడితే చివరి 10 చూపిస్తుంది, 'ఎస్‌హెచ్/డీఎక్స్ 30 ఆన్ 20ఎం' అంటే 20 మీటర్లలో చివరి 30, 'ఎస్‌హెచ్/డీఎక్స్ వీయూ4' అంటే అండమాన్ స్పాట్లు. ఇది మీ ఫిల్టర్‌ని పట్టించుకోదు, ఫిల్టర్ వేసిన జాబితా కావాలంటే 'ఎస్‌హెచ్/మైడీఎక్స్'. ఒక స్టేషన్ రోజూ ఏ వేళకి మన వైపు వినిపిస్తోందో నాలుగైదు రోజుల స్పాట్ల టైములు చూస్తే తెలిసిపోతుంది, నేను ఎక్కువగా వాడేది దీనికే. బ్యాండ్ మరీ నిశ్శబ్దంగా ఉంటే 'ఎస్‌హెచ్/డబ్ల్యూడబ్ల్యూవీ' కొట్టి కే సూచిక చూడండి, 5 గానీ అంతకు మించి గానీ ఉందంటే భూ అయస్కాంత తుఫాను ఉన్నట్టు, ఆరోజు మీ తప్పేమీ లేదు.

స్పాట్ కనిపించగానే క్లిక్ చేసి పిలవడం మాత్రం వద్దు. ఆ స్టేషన్ తన కాల్‌సైన్ ఇచ్చేదాకా ఆగి మీ చెవులతో మీరు వినండి. కామెంట్‌లో 'అప్' అని ఉంటే అతను పై ఫ్రీక్వెన్సీలో వింటున్నాడని అర్థం, అతని మీదే పిలిస్తే అందరికీ అడ్డు.

మీరు స్పాట్ పెట్టేటప్పుడు 'డీఎక్స్', ఫ్రీక్వెన్సీ కిలోహెర్ట్జ్‌లో, కాల్‌సైన్, చిన్న కామెంట్, అంతే. ఎంటర్ కొట్టిన మరుక్షణం అది ప్రపంచమంతా వెళ్లిపోతుంది, వెనక్కి తీసుకునే కమాండ్ మామూలు యూజర్లకి లేదు. ఒక రాత్రి 40 మీటర్ల సీడబ్ల్యూలో (మోర్స్‌లో) బలహీనమైన సిగ్నల్ విని, ఫేడింగ్‌లోనే రాసుకుని, వీయూ4 అని స్పాట్ పెట్టేశాను. నిజానికి అతను వీయూ3, అంటే మామూలు భారత కాల్‌సైన్. మోర్స్‌లో 3 అంటే మూడు డిట్లు రెండు డాలు, 4 అంటే నాలుగు డిట్లు ఒక డా, తేడా ఆ ఒక్క చప్పుడే. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రసారం చేసినప్పుడు ప్రపంచమంతా ఎగబడింది, సునామీ వచ్చింది కూడా వాళ్లు అక్కడ ఉండగానే. వీయూ4 ప్రిఫిక్స్ అంత విలువైనది, అందుకే నా స్పాట్ చూసి యూరప్ అంతా ఆ ఫ్రీక్వెన్సీ మీద పడింది. పాపం ఆ అబ్బాయి వీయూ3, వీయూ3 అని మళ్లీ మళ్లీ పంపుతూనే ఉన్నాడు, ఆ గోలలో ఎవరికీ వినపడలేదు, కాసేపటికి స్టేషన్ ఆపేశాడు. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. అప్పుడు చేయగలిగింది ఒక్కటే, అదే ఫ్రీక్వెన్సీలో సరైన కాల్‌సైన్‌తో రెండో స్పాట్ పెట్టి, కామెంట్‌లో ఇది వీయూ4 కాదు అని రాయడం. అది చేశాను, కానీ అతను ఉన్నప్పుడే చేయాల్సింది. అప్పటి నుంచి కాల్‌సైన్ రెండుసార్లు వినకుండా ఎంటర్ మీద వేలు పెట్టను.

ఇంకో రెండు చిన్న విషయాలు. రేడియో గదిలో ఒకటి, ఫోన్‌లో ఒకటి కనెక్ట్ చేస్తే అదే కాల్‌సైన్ కాబట్టి మొదటిది తెగిపోతుంది, రెండోదానికి కాల్‌సైన్ చివర గీత పెట్టి 1 చేర్చండి. కాంటెస్టుల్లో క్లస్టర్ చూస్తూ ఆడితే చాలాచోట్ల అసిస్టెడ్ (సాయం తీసుకున్నవాళ్ల) కేటగిరీ కిందకి వస్తారు, లాగ్ పంపేముందు రూల్స్ చదవండి. పనయ్యాక 'బై' (ఫిల్టర్‌లోది కాదు, వీడ్కోలు చెప్పే బీ-వై-ఈ) కొడితే కనెక్షన్ ఆగిపోతుంది.