ముగ్గురికి ఒక ట్యాబ్: నా తరగతిలో కుదిరిన పద్ధతి

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు వీడియో పాఠాలు ముందే నింపిన ట్యాబ్‌లు పంపిణీ చేసినప్పుడు, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడిగా నా పని సగం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఎవరి తెర వారు చూసుకుని, చివర ‘అర్థమైంది సార్’ అని ముక్తకంఠంతో చెప్పిన పిల్లలే, బల్ల మీద నెట్టిన అగ్గిపెట్టె కొంతదూరం వెళ్లి ఎందుకు ఆగిందని అడిగితే తల దించుకున్నారు. నా బదులు ట్యాబ్‌ను నిలబెట్టి నేను పక్కకు తప్పుకున్నానని గ్రహించడానికి రెండు వారాలు పట్టింది.

ముందుగా ముగ్గురికి ఒక ట్యాబ్ మాత్రమే తెరవనిచ్చి, మిగిలినవి సంచుల్లో పెట్టించాను. దానితో పిల్లల మధ్య మాటలు మొదలయ్యాయి, ఛార్జింగ్ అయిపోతే మారు ట్యాబ్ కూడా సిద్ధంగా ఉండేది. వీడియోను ఐదారు నిమిషాలకొకసారి ఆపి, తర్వాత ఏం జరుగుతుందో నోటుపుస్తకంలో రాయించాకే ముందుకు వెళ్లేవాళ్లం.

అసలు మార్పు మాత్రం కెమెరాతో వచ్చింది. ఘర్షణ పాఠంలో అదే అగ్గిపెట్టెను నున్నటి గచ్చు మీద, గోనెసంచి మీద, ఇసుక మీద జార్చి, పక్కన స్కేలు పెట్టి చిత్రీకరించమన్నాను. ఒక్కొక్కరు ఒక్కో బలంతో నెడుతున్నందున కొలతలు పొసగడం లేదని, వీడియోలను ఆపి ఆపి చూసి పట్టుకున్నది వెనుక బెంచీ అమ్మాయి. ఏటవాలుగా నిలిపిన అట్ట మీద ఒకే ఎత్తు నుంచి వదలాలన్న ఉపాయమూ ఆమెదే (నాకు ముందే తట్టవలసింది). ఆ రోజు ఎవరూ ఆటలు తెరవలేదు, గంట కొట్టినా గచ్చు మీద నుంచి లేవలేదు.